వాడుకలో ఉంటేనే వారసత్వం
గోడలు లేని సంపదకు కాపలా ఎవరు?
తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సంప్రదాయాలు, జ్ఞాపకాలపై ప్రత్యేక కథనం

తెనాలి: వారసత్వ సంపద అనగానే గుడి గోపురమో, బౌద్ధ స్తూపమో, శిలాశాసనమో గుర్తుకు రావడం సహజం. బాపట్ల భావనారాయణస్వామి ఆలయం, భట్టిప్రోలు స్తూపం ఆ కోవకు చెందినవే. అటువంటి కట్టడాలకు కొలతలుంటాయి, రికార్డులుంటాయి. వాటికేదైనా జరిగితే పది మందికీ తెలుస్తుంది. 2011 అక్టోబరులో భావనారాయణస్వామి ఆలయ గాలిగోపురం కూలిపోయినపుడు ఆ వార్త రాష్ట్రమంతటికీ చేరింది. అయితే ఇదే ప్రాంతంలో ఒక పద్యాన్ని పాడే బాణీ గానీ, నాట్లు వేస్తూ పాడుకునే పాట గానీ, ఉప్పెన నాటి ఒక కుటుంబ జ్ఞాపకం గానీ దానిని ఎరిగిన చివరి మనిషితో పాటు వెళ్లిపోతే ఏ పత్రికకూ అందదు. కూలిన గోపురానికి శిథిలాలైనా మిగులుతాయి. ఆగిపోయిన పాటకు అవీ ఉండవు.

ఒకప్పుడు గుంటూరు జిల్లాలో కలిసి ఉన్న ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో రెండు జిల్లాల పరిధిలోకి వెళ్లాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండగా, బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి. కార్యాలయాలు, రికార్డులు విడిపోయినా ఒకే కృష్ణా పశ్చిమ డెల్టా నీటితో పంటలు పండించుకుని, ఒకే పందిట్లో నాటకాలు చూసిన జనం జ్ఞాపకం మాత్రం ఒక్కటే. ఆ జ్ఞాపకాన్ని కాపాడే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అందువల్లనే ఇప్పుడు మరింత ప్రాధాన్యం సంతరించుకుంది.

సజీవ వారసత్వం అంటే?

కట్టడాలు కాక మనుషుల ఆచరణలో బతికే సంపదను సజీవ వారసత్వంగా పేర్కొంటారు. దీని పరిరక్షణ కోసం ఐక్యరాజ్యసమితి విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ యునెస్కో 2003 అక్టోబరు 17న ఒక అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించింది. 2005లో భారతదేశం అందులో చేరింది. మన దేశం నుంచి వేదపఠనం, కొల్‌కతా దుర్గాపూజ, గుజరాత్ గర్బా వంటివి యునెస్కో జాబితాలో స్థానం పొందాయి.

ఆ ఒడంబడిక సజీవ వారసత్వాన్ని ఐదు విధాలుగా చెబుతోంది. మొదటిది మౌఖిక సంప్రదాయం. కథలు, సామెతలు, పాటలు దీని కిందికి వస్తాయి. రెండోది నాటకం, సంగీతం, నృత్యం వంటి ప్రదర్శన కళలు. మూడోది పండుగలు, ఆచారాలు, సామాజిక కట్టుబాట్లు. నాలుగోది ప్రకృతిని గురించి తరతరాలుగా కూడబెట్టుకున్న పరిజ్ఞానం. ఐదోది చేతివృత్తుల నైపుణ్యం. ఈ ఐదింటికీ మన ప్రాంతంలో ఉదాహరణలు కొదవ లేదు.

ఇందులో గమనించదగిన అంశం మరొకటి ఉంది. ఫలానాది మా వారసత్వమని గుర్తించే హక్కును ఆ ఒడంబడిక మొదటగా ఆచరించే సమాజానికే ఇచ్చింది. అంతేకాక సజీవ వారసత్వం తరం నుంచి తరానికి అందుతూ, పరిస్థితులకు తగినట్లు మళ్లీ మళ్లీ రూపుదిద్దుకుంటుందని కూడా అంగీకరించింది. అంటే మార్పు దానికి శత్రువు కాదు. వాడుక తప్పిపోవడమే ముప్పు.

తెనాలి రామకృష్ణుని కథలే ఇందుకు తేలికగా అర్థమయ్యే నిదర్శనం. ‘పాండురంగ మాహాత్మ్యం’ రచించిన కవిని పండితులు గ్రంథం ద్వారా తెలుసుకుంటారు. రాయల కొలువులో అందరినీ ఆటపట్టించిన రామలింగడిని మాత్రం పిల్లలు తాతమ్మల నోటి ద్వారానే తెలుసుకున్నారు. ఆ చాటు కథలలో చరిత్ర పాలు ఎంతన్నది వేరే చర్చ. చెప్పే ప్రతి మనిషీ తన కాలపు చమత్కారాన్ని కాస్త జోడించబట్టే అవి ఇన్ని వందల ఏళ్లు నిలిచాయి.

రాళ్లు చెదిరాయి, పేర్లు మిగిలాయి

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుమార్గంలో ఉన్న భట్టిప్రోలు కథ వేరొక పాఠం చెబుతుంది. క్రీస్తుకు పూర్వమే అక్కడ మహాస్తూపం వెలసింది. బ్రిటిష్ హయాంలో ఆ స్తూపం ఇటుకలను రోడ్డు పనులకు, పాలరాతి ఫలకాలను కాలువ నిర్మాణానికి తరలించారు. మిగిలిన భాగాన్ని 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించగా ధాతు కరండాలు బయటపడ్డాయి. వాటిపై ఉన్న శాసనాల లిపి బ్రాహ్మీకి చెందిన ప్రత్యేక రూపం కావడంతో దానిని ‘భట్టిప్రోలు లిపి’ అన్నారు.

ఆ శాసనాలలో కుబీరకుడనే రాజు పేరుంది. అంతకన్న విశేషమేమంటే ఆ పుణ్యకార్యంలో పాలుపంచుకున్న గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో మనకు దొరికిన అతి ప్రాచీన లిఖిత జ్ఞాపకం ఒక విధంగా ఊరి పెద్దల పేర్ల పట్టిక. రెండు వేల ఏళ్ల నాడే ఇక్కడి జనం తమ పేర్లు నిలవాలని కోరుకున్నారు. ఆ పేర్లతో పాటు వారు పాడిన పాట, జరిపిన ఉత్సవ విధానం మాత్రం మనకు చేరలేదు. రాతిపై చెక్కినది రెండు వేల ఏళ్ల తరువాతా బయటపడింది. ఆచరణలో ఉన్నది అందుకునే వారు లేని నాడే ఆగింది.

పద్యనాటకం: ఊరూరా నడిచిన బడి

ఈ మూడు పట్టణాలకూ ఉమ్మడిగా చెప్పుకోదగిన సజీవ వారసత్వం ఏదైనా ఉన్నదంటే అది ముందుగా పద్యనాటకమే. ‘సత్యహరిశ్చంద్రీయం’ రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1881లో నాటి బాపట్ల తాలూకా ఇటికంపాడులో జన్మించారు. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి వంటి స్త్రీ పాత్రలతో తెలుగునాట పేరు మోగిన స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో బాపట్లలో ఆడవలసిన హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి పాత్రధారి రాకపోవడంతో ఆ వేషం వేసిన ఆయన, అనంతరం తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి మహానటుడయ్యారు. 1956లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. తన అనుభవాలను ‘నటస్థానం’ పేరిట గ్రంథస్థం చేశారు.

మాధవపెద్ది వెంకట్రామయ్య, డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు వంటి ఉద్దండులు తెనాలి రంగస్థలంపై వెలిగినవారే. సుద్దపల్లిలో జన్మించిన కల్యాణం రఘురామయ్య పద్యాన్ని ఈలలోనూ పలికించి ‘ఈలపాట’ను ఇంటిపేరుగా చేసుకున్నారు. నాటక కళాకారులందరినీ ఒక వేదికపైకి తేవాలన్న సంకల్పంతో ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో ఆవిర్భవించినదీ తెనాలిలోనే.

ఈ పేర్లు చాలామందికి తెలిసినవే. వీరి వెనుక ఉన్న వ్యవస్థ గురించి అంతగా ఆలోచించం. పద్యనాటకానికి కళాశాలలు లేవు. పద్యం గురువు నోటి నుంచి శిష్యుని నోటికి, హార్మోనియం శ్రుతి మీద, ఒక్కొక్క పాదంగా చేరేది. ఎక్కడ విరవాలి, ఎక్కడ రాగం తీయాలి, ఏ మాట దగ్గర ప్రేక్షకుని వైపు చూడాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. ‘కురుక్షేత్రం’ ఆడితే పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు మరొకరు. తెనాలి నుంచి ఒకరు, మరో ఊరి నుంచి ఇంకొకరు ఆ సాయంత్రానికి వచ్చి, రిహార్సల్ అన్నది లేకుండానే తెల్లవార్లూ నాటకం నడిపించేవారు. కాంట్రాక్టు నాటకమనే ఆ పద్ధతి సాధ్యమైనదంటే కారణం ఒక్కటే. అందరికీ అదే పాఠం కంఠస్థం. పందిట్లో కూర్చున్న రైతుకూ, కూలీకీ కూడా అది కంఠస్థమే. పద్యం తప్పితే పట్టుకునేవారు. నచ్చితే ‘వన్స్‌మోర్’ అనేవారు. అంటే ప్రేక్షకుడు కూడా ఆ వారసత్వానికి కాపలాదారుడే.

సంప్రదాయమంటే మార్పు లేనిదన్న భ్రమను కూడా ఈ నాటకమే తొలగిస్తుంది. హరిశ్చంద్ర కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలలో కొన్ని బలిజేపల్లి వారివి కావు. మహాకవి గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోనివి. నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుని నోట పలికించారు, ప్రేక్షకులు ఆమోదించారు. కులం పేరిట అవమానాలు ఎదుర్కొన్న కవి పద్యం, కాటికాపరిగా మారిన రాజు మాటగా వేలాది పందిళ్లలో వినిపించింది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఏ సంఘమూ తీర్మానించలేదు. కళ సజీవంగా ఉన్నదనడానికి ఇంతకన్న రుజువు అవసరం లేదు.

ప్రస్తుత ఇబ్బంది ఎక్కడున్నదో కూడా ఇక్కడే తెలుస్తుంది. పాత నటుల గాత్రం గ్రామఫోను రికార్డులలో, ఇప్పుడు ఇంటర్నెట్‌లో వినవచ్చు. కానీ తప్పు పట్టే ప్రేక్షకుడు, నేర్చుకునే కుర్రవాడు, ఆ రాత్రి కూలి గిట్టుబాటయ్యే నటుడు ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు తగ్గినా రికార్డు మిగులుతుంది గానీ నాటకం మిగలదు. పరిషత్తులలో పోటీలు, బహుమతులు అవసరమే. దానికన్న ముందు శ్రీరామనవమి పందిట్లో ఏడాదికి ఒక్క రాత్రైనా ఊరు నాటకానికి కేటాయించడం అవసరం.

పని పోతే పాట పోతుంది

కొన్ని సంప్రదాయాలు పనిని అంటిపెట్టుకుని పుట్టాయి. నాట్ల పాట అటువంటిది. వరుసగా వంగి నారు నాటే స్త్రీల చేతుల వేగాన్ని కలిపి ఉంచడానికి, నడుము నొప్పిని మరిపించడానికి ఆ పాట పుట్టింది. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకోవడం అందులోని క్రమం. డెల్టాలో వెదజల్లే పద్ధతి పెరిగిన కొద్దీ, నాట్లు తగ్గిన కొద్దీ ఆ పాటకు సందర్భమే కరవవుతోంది. కూలి భారం తగ్గడం రైతుకు, నడుము వంచే శ్రమ తగ్గడం కూలీకి మేలు కావచ్చు. పాట కోసం కష్టాన్ని కొనసాగించమని ఎవరూ అడగరాదు. అయితే ఆ పాట తెలిసిన తల్లులు ఉన్నప్పుడే దానిని వినాలి, రాసుకోవాలి. బడి వార్షికోత్సవంలో ఆడపిల్లల చేత పాడించవచ్చు. అది పొలంలోని పాట కాకపోవచ్చు గానీ, మాట, బాణీ అయినా నిలుస్తాయి.

చేతివృత్తులలో చీరాల తేలియా రుమాలు చరిత్ర ఎంతో విలువైనది. నూలును నూనెలోను, ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీటిలోను రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెట్టి, ఆ పైన ముడులు కట్టి ఎరుపు, నలుపు రంగులు అద్ది నేసే చదరపు వస్త్రమది. నూనె వాసన వదలదు కనుకనే ఆ పేరు వచ్చింది. చీరాల నుంచి ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు తలపాగా వస్త్రాలుగా ఎగుమతి అయ్యేవి. మన జాలరులు కూడా వాటిని వాడేవారు. కాలక్రమంలో చీరాలలో ఆ నేత క్షీణించింది. అదే విద్య తెలంగాణలోని పుట్టపాకలో వేళ్లూనుకుని వృద్ధి పొందింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించినపుడు ఆ ఘనత పుట్టపాక పేరు మీదుగానే వచ్చింది.

దీనికి బాధ పడవలసినది లేదు. విద్య బతికింది, అదే ముఖ్యం. కానీ ఒక పాఠం మాత్రం ఉంది. మా ఊళ్లో పుట్టింది అన్న మాటకు విలువ లేదు. మా ఊళ్లో ఎవరో ఒకరు ఇంకా చేస్తున్నారు, మరొకరు నేర్చుకుంటున్నారు అన్నపుడే దానికి విలువ. చేనేతనే నమ్ముకున్న చీరాల, వేటపాలెం, భట్టిప్రోలు, రేపల్లె ప్రాంతాలు ఈ సంగతి విస్మరించరాదు.

ప్రాణాలు నిలిపే జ్ఞాపకం

సంప్రదాయ పరిరక్షణ తీరిక ఉన్నవారి వ్యాపకమని కొందరు తేలిగ్గా తీసిపారేస్తారు. తీరప్రాంత గ్రామాలలో ఆ మాట చెల్లదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన కృష్ణా నదికి ఆవలి ఒడ్డున దివిసీమను తుడిచిపెట్టగా, ఈవలి ఒడ్డున రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరాన్నీ దెబ్బతీసింది. మొత్తం మీద 10 వేల మందికి పైగా చనిపోయినట్లు అంచనా. 1990 మే నెలలో మరో భీకర తుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. అప్పటికి హెచ్చరికలు, తరలింపులు మెరుగుపడటంతో ప్రాణనష్టం చాలావరకు తగ్గింది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల వద్దనే తీరం దాటింది.

వాతావరణ శాఖ హెచ్చరిక ఫోనుకు వస్తుంది. ఇల్లు, పశువులు, వలలు విడిచి కదలాలన్న నిర్ణయం మాత్రం మనిషి మనసులో జరగాలి. నీరు ఎటు నుంచి వచ్చింది, ఏ దిబ్బ మీద ఉన్నవారు బతికారు, ఏ చెట్టును పట్టుకున్నవారు మిగిలారు, ఎంతసేపటికి నీరు తీసింది అన్న విషయాలు చూసిన వారి నోట విన్న కుటుంబం తొందరగా కదులుతుంది. 1977లో పదేళ్ల వయసున్న వారికి నేడు అరవై దాదాపు నిండాయి. ఆనాటికి ఇంటి బాధ్యతలు మోసిన వారు ఎందరో కాలం చేశారు. గాలి వాలును, అలల తీరును, ఆకాశపు రంగును బట్టి వేటకు వెళ్లాలా మానాలా అని తేల్చే మత్స్యకారుల అనుభవజ్ఞానం కూడా ఇదే కోవకు చెందుతుంది. ప్రతి తీరగ్రామంలోనూ నీరు చేరిన ఎత్తును ఒక గుర్తుగా నిలిపి, ఏటా నవంబరు 19న పిల్లలకు ఆ కథ చెప్పే ఆనవాయితీ పెడితే అంతకన్న ఉపయోగకరమైన వారసత్వ దినోత్సవం ఉండదు.

చేదు జ్ఞాపకాలూ మనవే

ఊరికి గర్వకారణమైనవే జ్ఞాపకాలు కావు. 1913 మే 26న ప్రథమ ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగిన సంగతి మనం సగర్వంగా చెప్పుకుంటాం. పురపాలక సంఘం వద్దని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల-పేరాల ప్రజలు ఊరు విడిచి రామనగర్‌లో నెలల తరబడి పాకలలో గడిపిన వైనం కూడా అటువంటిదే. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమ వేళ తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. వారి స్మృత్యర్థం వెలసిన రణరంగ చౌక్‌లో ఏటా అదే రోజున నివాళులు అర్పిస్తారు. స్మారకం రాతిదే అయినా దానిని సజీవంగా నిలిపినది ఏటేటా జరిగే ఆ చిన్న కార్యక్రమమే.

తెనాలికి సమీపంలోని చుండూరు జ్ఞాపకం వేరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది. 2007 జులై 31న అది పలువురికి శిక్షలు విధించగా, 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. మృతుల స్మారక స్థలాన్ని దళితులు ‘రక్తక్షేత్రం’ అని పిలుచుకుంటూ ఏటా సంస్మరణ జరుపుకుంటారు. ఊరి చరిత్ర రాసేటప్పుడు ఒక వర్గం పండుగలను చేర్చి, మరొక వర్గం దుఃఖాన్ని వదిలేస్తే అది సగం చరిత్రే అవుతుంది. ఎవరి జ్ఞాపకాన్ని వారి నోటనే వినడం ఈ పనిలో మొదటి నియమం.

అన్నీ నిలపాలా?

పాతదంతా కాపాడవలసినదేనా అన్న సందేహం రాక మానదు. యునెస్కో ఒడంబడికలోనే దీనికి సమాధానం ఉంది. మానవ హక్కులకు, సమాజాల మధ్య పరస్పర గౌరవానికి అనుగుణమైన సంప్రదాయాలనే అది పరిగణనలోకి తీసుకుంటుంది. కులాన్ని బట్టి వెట్టిగా చేయించుకున్న కళాసేవలు, స్త్రీని కించపరచే ఆచారాలు ఆ కారణంగానే కాలగర్భంలో కలిశాయి. కలవవలసినవే.

కొన్ని సందర్భాలలో గీత గీయడం అంత సులువు కాదు. కాళ్లకూరి నారాయణరావు రచించిన ‘చింతామణి’ నాటకం వేశ్యావ్యామోహాన్ని ఎండగట్టడానికి పుట్టింది. ప్రదర్శనలలో క్రమేణా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ చేరిన వెకిలి హాస్యం తమను అవమానిస్తున్నదని ఆర్యవైశ్యులు ఆక్షేపించారు. దరిమిలా 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. ఆ వేషాలనే నమ్ముకున్న కళాకారులు ఉపాధి పోయిందని ఆవేదన చెందారు. రెండు వైపులా మాట్లాడేందుకు కారణాలున్నాయి. కాటిసీనులో జాషువా పద్యాన్ని చేర్చుకోగలిగిన రంగస్థలం, ఒక పాత్రలోని చౌకబారు మాటలను తానే ముందుగా తొలగించుకుని ఉంటే వ్యవహారం నిషేధం దాకా వచ్చేది కాదేమో ఆలోచించవలసి ఉంది. తనను తాను దిద్దుకునే శక్తి కూడా సజీవ లక్షణమే.

రాసిపెట్టిన పుణ్యాత్ములు

ఆచరణ ఆగిపోయే వేళ కనీసం నమోదు చేయడం మన వంతు. బుర్రకథా పితామహుడు షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద కుటుంబంలో జన్మించారు. 1986లో పద్మశ్రీ పొందారు. ఆయన జీవితకథను అంగడాల వెంకట రమణమూర్తి ఆయన నోటనే విని అక్షరబద్ధం చేయబట్టి ‘పింజారి’ అనే పుస్తకం మనకు దక్కింది. ఆ శ్రమ జరగకపోతే బుర్రకథ వెనుక ఉన్న ఆకలి, సాధన, ప్రజానాట్యమండలి రోజులు ఆయనతోనే పోయేవి.

తెనాలి హోటళ్లలో పనిచేస్తూ తెలుగులో కథలు, నవలలు రాసిన ‘శారద’ అసలు పేరు నటరాజన్. తమిళనాట పుట్టి, బాల్యంలోనే తెనాలి చేరి, ఇక్కడి భాష నేర్చుకుని 1955లో చిన్న వయసులోనే మరణించారు. ఆయన స్నేహితుడు ఆలూరి భుజంగరావు రాసిన ‘సాహిత్య బాటసారి శారద’ లేకపోతే రచయిత మిగిలేవాడు గానీ మనిషి మిగిలేవాడు కాదు. ఈ రెండు పుస్తకాలూ మిత్రులో అభిమానులో పూనుకుని, ఎవరూ అడగకుండానే చేసిన పనులు.

సంస్థల విషయానికొస్తే వేటపాలెంలోని సారస్వత నికేతనం మనకు కొండంత అండ. 1918లో ప్రారంభమైన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచారు. పాత తెలుగు పత్రికల సంచికల కోసం దూరప్రాంతాల పరిశోధకులు కూడా అక్కడికి వస్తుంటారు. నూరేళ్లకు పైగా ఒక గ్రామం పత్రికలను పారేయకుండా దాచడం సామాన్యమైన విషయం కాదు.

మనం చేయగలిగినది

ఈ కార్యానికి నిధుల కన్న ఓపిక ముఖ్యం. నేడు ప్రతి ఇంటా ఉన్న సెల్‌ఫోనే రికార్డింగు యంత్రం. పాటించవలసిన పద్ధతులు కొన్ని ఉన్నాయి.

పెద్దల వద్దకు వెళ్లి ‘పాత రోజుల గురించి చెప్పండి’ అంటే నాలుగు మాటలతో ముగుస్తుంది. మొదట చూసిన నాటకం ఏది, ఎవరి పందిట్లో, హరిశ్చంద్రుడు ఎవరు, పద్యం ఎవరు నేర్పారు, మీ ఇంట అట్లతద్దికి ఏ పాట పాడేవారు, ఉప్పెన నాటి రాత్రి ఎక్కడున్నారు అని అడిగితే జ్ఞాపకం తలుపు తెరుచుకుంటుంది. మధ్యలో అడ్డుపడరాదు. వారి యాసను దిద్దరాదు. రికార్డు మొదట్లోనే చెప్పేవారి పేరు, వయసు, ఊరు, ఆనాటి తేదీ పలికించాలి. పాటైతే ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ సందర్భంలో పాడతారో తప్పక అడగాలి. సందర్భం తెలియని పాట సగం పాటే.

అనుమతి అత్యవసరం. కొన్ని ఆచారాలు ఇంటివారికే పరిమితం, కొన్ని దుఃఖాలు బయటకు చెప్పుకునేవి కావు. ఎవరికి వినిపించవచ్చో, ఎవరికి వద్దో చెప్పినవారే నిర్ణయించాలి. కళాకారుడిని పిలిచి పాడించుకున్నపుడు శాలువాతో సరిపెట్టక తగిన పారితోషికం ఇవ్వాలి. కళ బతకాలంటే కళాకారుడు బతకాలి.

పాత ఫొటోల విషయంలో ఆలస్యం అసలే పనికిరాదు. బొమ్మ వెనుక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం రాయాలి. గుర్తుపట్టగలిగిన చివరి మనిషి వెళ్లిపోయాక ఆ ఫొటో అపరిచితుల గుంపు మాత్రమే. రికార్డు చేసిన ప్రతి దానినీ కనీసం మూడు చోట్ల దాచాలి. ఒక ఫోనులోనే ఉంచితే ఆ ఫోనుతోనే పోతుంది. ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి, పాఠశాలలో గానీ శాఖా గ్రంథాలయంలో గానీ ఒక ప్రతి, దూరాన ఉన్న బంధువు వద్ద మరొకటి ఉంటే భద్రం.

ఉన్నత పాఠశాలలలో తొమ్మిదో తరగతి విద్యార్థులకు ఏడాదికి ఒక్కరు చొప్పున తమ వీధిలోని ఒక పెద్ద మనిషిని కలిసి రెండు పేజీలు రాసే పని అప్పగిస్తే, పదేళ్లలో ఆ ఊరి చరిత్ర దానంతటదే తయారవుతుంది. తెలుగు ఉపాధ్యాయులు, గ్రంథపాలకులు, పదవీ విరమణ చేసినవారు చేయి కలిపితే ఇందుకు ప్రత్యేక ఉత్తర్వులేవీ అవసరం లేదు. డిగ్రీ కళాశాలల విద్యార్థులు పాత రికార్డులను వరుసగా అమర్చి సూచిక తయారుచేయవచ్చు. రెండు జిల్లాల గ్రంథాలయాలు ఆ ప్రతులను ఇచ్చిపుచ్చుకుంటే పునర్విభజన జ్ఞాపకాలకు అడ్డుగోడ కాదు.

నమోదు మాత్రమే పరిరక్షణ కాదన్నది చివరి వరకూ గుర్తుంచుకోవలసిన విషయం. భద్రపరచిన పాటను మళ్లీ ఎవరో ఒకరు పాడాలి, దాచిన పద్యాన్ని ఒక కుర్రవాడు కంఠస్థం చేయాలి, విన్న ఉప్పెన కథను ఒక తల్లి తన బిడ్డకు చెప్పాలి. ఈ వేసవి సెలవులకు ఊరు వచ్చే పిల్లలను తాతయ్య, నాయనమ్మల వద్ద ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి ఒక పాటో పద్యమో నేర్పించడంతో ఈ పని ప్రారంభించవచ్చు. నేర్పగలిగిన వారు ఇంకా మన మధ్యనే ఉన్నారు.